గడప మీద తీగ, పెట్టెలో సిగ్నల్

మా టౌన్‌షిప్‌లో ఎవరి రిటైర్మెంట్ సభ జరిగినా, టీలు అయ్యాక ఎవరో ఒకరు లేచి నా స్టీలు పెట్టె కథ చెబుతారు. వైర్‌లెస్ ఇంటర్నెట్‌ను స్టీలు పెట్టెలో పెట్టి తాళం వేసిన ఘనుడు ఈయనే అని నన్ను చూపిస్తారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కథ నిజమే, కానీ అది సగం కథ. మిగతా సగం తెలిసినవాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, చెప్పే మనిషి కాదు కూడా. నేను రాసి పెట్టకపోతే ఆ నవ్వొక్కటే మిగులుతుంది. జేబులోంచి ఫోను తీయగానే నెట్ దొరికే కాలంలో ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి చిన్నవాళ్ళు చదువుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

నేను భిలాయి స్టీలు ప్లాంటు టెలిఫోన్ సెక్షన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. విజయనగరం దగ్గర ఒక పల్లె నుంచి ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని భిలాయి వచ్చాను. ఆ సర్టిఫికెట్‌తో వచ్చిన చదువు మొదటి రెండేళ్ళలోనే అయిపోయింది. తర్వాతదంతా సెక్టర్ లైబ్రరీలో నేర్చుకున్నదే. మొదటి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి దిగి, స్నానం చేసి, మూడున్నరకల్లా అక్కడ ఉండేవాణ్ణి. ఒక చేతి కింద పుస్తకం, మరో చేతి కింద ఇంగ్లీషు నిఘంటువు. మొదట్లో రోజుకు రెండు పేజీలు సాగేవి. ఇంజనీర్లు కాలేజీలో నాలుగేళ్ళలో చదివింది చదవడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. అయితే వాళ్ళు పరీక్ష రాసి మరిచిపోయింది నాకు ఇంకా గుర్తుంది. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై అయిదారేళ్ళయ్యాక మా క్వార్టర్లకు ఫోను తీగ మీదే ఇంటర్నెట్ రావడం మొదలైంది. దాని గురించి లైబ్రరీలో ఉన్న రెండు పుస్తకాలూ, నెలనెలా వచ్చే హిందీ పత్రికా అప్పటికే నమిలేసి ఉన్నాను. మా సెక్షన్‌లో అందరికన్నా సీనియర్ ఒకాయన ఉండేవాడు. విశాఖ వైపు క్రైస్తవ కుటుంబం, సెక్టర్ 2లో క్వార్టర్. నేను ఆయన్ని అన్నయ్య అనేవాణ్ణి, ఆయన భార్యను వదిన అనేవాణ్ణి. ఇంట్లో రెండు కంప్యూటర్లు. ముందు గదిలోది వాళ్ళమ్మాయిది. నడిమి గదిలో పాతది అన్నయ్యది. పొద్దున్నే విశాఖ వార్తలు చదవడం తప్ప ఆయన దానితో మరేమీ చేసేవాడు కాదు. రెండింటికీ నెట్ కావాలన్నాడు. నేను మోడెమ్ పక్కన ఒక చిన్న పంపిణీ పెట్టె పెట్టి, అక్కడి నుంచి నడిమి గదికి తీగ లాగాను. సెక్టర్ 2లో ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లను నెట్‌కు కలిపిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను. కాదని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

కంపెనీ క్వార్టర్ గోడకు పర్మిషన్ లేకుండా కన్నం పెట్టకూడదు. అందుకని తీగను గోడ అంచున తెచ్చి, గడప మీదుగా దాటించి, దాని మీద ప్లాస్టిక్ పట్టీ బిగించాను. గడప మధ్యకు వచ్చేసరికి పట్టీ జానెడు తక్కువైంది. సోమవారం ఒక ముక్క తెచ్చి వేస్తానని వదినతో చెప్పి వచ్చేశాను.

ఆ సోమవారం వెళ్ళలేదు. తర్వాతి సోమవారం కూడా వెళ్ళలేదు. వదిన ఒకసారి కూరగాయల బజారులో, ఇంకోసారి మా ఇంటి ముందు కనబడి, ఆ జానెడు ముక్క సంగతి నవ్వుతూనే అడిగింది. రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాను. "సోమవారం వచ్చీస్తాను వదినా."

మూడో వారంలో ఒక పొద్దున్న ఆమె కాలు ఆ జానెడు ఖాళీలోనే తీగకు తగులుకుంది. తుంటి ఎముక విరిగింది.

కబురు విన్న వెంటనే ఆ ఇంటికి పరుగెత్తాను. అప్పటికే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను గడప దగ్గర కూర్చుని తీగంతా చుట్ట చుట్టేశాను, పట్టీ పీకేశాను. మంచి పని చేశానని అందరూ అనుకున్నారు. నిజానికి ఆ జానెడు ఎవరి కంటా పడకూడదని పీకాను. సాయంత్రం ఆసుపత్రి వార్డులో అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఎండకి పట్టీ ఊడిపోయినట్టుందిరా. నీ తప్పేటి ఉన్నాది?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. మంచం మీద వదిన కళ్ళు తెరిచే ఉంది. ఆమె నన్ను చూసింది, ఆయన్ని చూసింది, మంచినీళ్ళు అడిగింది. అంతే.

అసలు చిక్కు ఆమె ఇంటికి వచ్చాక మొదలైంది. వాళ్ళమ్మాయి ఇంట్లో కూర్చుని ఒక ఉద్యోగం చేసేది. ఎక్కడో దూరదేశంలో డాక్టర్లు రోగిని చూశాక తమ మాటలు రికార్డు చేస్తారు. ఆ రికార్డు నెట్ ద్వారా వస్తే విని, టైపు చేసి తిరిగి పంపాలి. బెంగుళూరు ఆఫీసు ఇచ్చిన పని. మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా లైన్లో ఉండాలి. ఇప్పుడు తల్లి వెనక గదిలో మంచం మీద ఉంది. నీళ్ళకూ, మందుకూ, పక్కకు తిప్పడానికీ మనిషి దగ్గరే ఉండాలి. కంప్యూటరేమో ముందు గదిలో ఉంది. అన్నయ్యకు ఆ నెల మధ్యాహ్నం షిఫ్టు. మళ్ళీ తీగ లాగుదామని ఎవరూ అనలేదు, నాకా మాట ఎత్తడానికి మొహం లేదు. ఆఫీసువాళ్ళు అమ్మాయికి రెండు వారాల సెలవు ఇచ్చి, ఫలానా సోమవారం మూడింటికి లైన్లోకి రాకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పేశారు.

ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు కన్నా హిందీ ధాటిగా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం నాతో తెలుగులోనే చెప్పింది. "బాబాయ్, డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు ఖాళీగా ఉన్నాను. ఇది పోతే మళ్ళీ ఇంట్లో కూర్చున్న పిల్లనే. అమ్మని వదిలి ఎలాగూ ఉండను. కానీ ఇది నా సొంతం."

వైర్‌లెస్ అన్న మాట అప్పుడే నా నోట వచ్చింది. నేను దాని గురించి చదివానే తప్ప కళ్ళతో చూసింది లేదు. వస్తుందని మాత్రం గట్టిగా చెప్పాను.

శనివారం లైబ్రరీకి వెళ్ళాను. కావలసిన లావుపాటి పుస్తకం అక్కడే చదవాలి, ఇంటికి ఇవ్వరు. లైబ్రరీ చూసుకునే ఆమె ఛత్తీస్‌గఢ్ మనిషి, అందరికీ దీదీ. సంగతంతా విని, అల్మారా తాళం తీసి, పుస్తకాన్ని పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది. మంగళవారం పొద్దున్న తలుపు తీయగానే అది అల్మారాలోకి చేరాలని, లేకపోతే ముందు తన ఉద్యోగం పోతుందని, తర్వాత నా ప్రాణం పోతుందని హిందీలో చెప్పింది. అటునుంచటే రాయపూర్ వెళ్ళి ఒక వైర్‌లెస్ పెట్టె, అమ్మాయి కంప్యూటర్లో బిగించే ఒక కార్డు కొన్నాను. దుకాణంలో కుర్రవాడికి ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో నేనే చెప్పవలసి వచ్చింది. తిరుగు రైల్లో దారంతా ఆ సంతోషంతోనే వచ్చాను.

ఆదివారం అన్నయ్య చర్చి నుంచి వచ్చాక పని మొదలుపెట్టాను. అమ్మాయి కంప్యూటర్‌ను వెనక గదిలో వదిన మంచం పక్కకు చేర్చాం. వైర్‌లెస్ పెట్టెను ముందు గదిలో మోడెమ్‌కు కలిపాను. గంటసేపు ఏదీ కుదరలేదు. ఒకసారి వచ్చేది, మరుక్షణం పోయేది. పుస్తకం తిరగేస్తే కారణం దొరికింది. ఇంట్లోని ప్రతి కంప్యూటర్‌కూ ఒక నంబరు ఇచ్చే పని మోడెమ్‌ది. నేను తెచ్చిన కొత్త పెట్టె కూడా ఆ పని నాదేనంటూ నంబర్లు పంచడం మొదలుపెట్టింది. ఇద్దరు ఆఫీసర్లు ఒకే క్వార్టర్‌ను ఇద్దరికి అలాట్ చేస్తే ఏమవుతుందో మా టౌన్‌షిప్‌లో ఎవరినడిగినా చెబుతారు. కొత్త పెట్టెను ఆ పని మానిపించి, సిగ్నల్ మోసే పని ఒక్కటే ఉంచాను. వెనక గదిలో అమ్మాయి, "వచ్చేసింది బాబాయ్" అంది. రెండు గోడల అవతల ఏ తీగా లేకుండా విశాఖ వార్తలు తెర మీద కనబడుతుంటే అన్నయ్య కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

నా ఉద్యోగంలో ఇంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు. అంతటితో ఆగి ఇంటికి పోయి ఉంటే, సభల్లో చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు.

కానీ మా సెక్షన్‌లో ఏ పరికరాన్నీ బోసిగా వదలరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్లాంటుకే చెందిన నందిని గనుల్లో ఉన్నాను. అక్కడ ఒక ఫోనును పెట్టె లేకుండా గోడకు తగిలిస్తే, పదిహేను రోజుల్లో లోపలంతా సున్నపురాయి పొడి నిండిపోయి మూగబోయింది. దానికి నేను తిన్న తిట్లు ఇంకా గుర్తున్నాయి. అప్పటి నుంచి నాకు పట్టిన పద్ధతి ఒకటే. స్టీలు పెట్టె, ఎర్తింగు, తాళం, తలుపు మీద పెయింటుతో నంబరు. తాళంచెవి షిఫ్టులో ఉన్న సీనియర్ దగ్గర ఉండాలి. పైగా ఈసారి ఆ ఇంట్లో ఏదీ సగంలో వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేసే భయ్యా ఒకాయన నా స్నేహితుడు. ఆయన చేత సోమవారం పొద్దుటికి ఒక పెట్టె చేయించాను. మందపాటి రేకు, నిండు వెల్డింగు, బూడిద రంగు. ఏనుగు తొక్కినా చెక్కు చెదరదని భయ్యా ఛాతీ విరుచుకుని చెప్పాడు. నంబరు నేనే రాశాను: 1.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి పన్నెండున్నరకు వెళ్ళాను. ముందు గది గోడకు పాత క్యాలెండర్ కొక్కెం ఒకటి గట్టిది ఉంది. దానికి పెట్టె తగిలించాను. వైర్‌లెస్‌ను లోపల కూర్చోబెట్టి, తీగలు కింది కన్నంలోంచి తీసి, ఎర్తింగు కూడా ఇచ్చాను. తలుపు తెరిచి ఉండగా వెనక గదిలో చూడమన్నాను. బ్రహ్మాండంగా ఉందంది అమ్మాయి. తలుపు మూశాను, తాళం వేశాను. షిఫ్టుకు బయల్దేరుతున్న అన్నయ్యకు మా పద్ధతి ప్రకారం తాళంచెవి అప్పగించాను. ఆయన దాన్ని తన గుత్తిలో వేసుకుని, స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

రెండున్నరకు అమ్మాయి లాగిన్ కాబోయింది. "బాబాయ్, కుచ్ నహీ ఆ రహా. ఏటీ రావట్లేదు."

కార్డు తీసి మళ్ళీ బిగించాను. నంబర్లు చూశాను. మోడెమ్ ఆపి మళ్ళీ వేశాను. ఫోను లైను బాగానే ఉంది. రెండు నలభై అయింది. పుస్తకం తీసి నంబర్ల అధ్యాయం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. అమ్మాయి చెవులకు పెట్టుకునేవి పెట్టేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి నేను పేజీలు ఇంకా వేగంగా తిప్పాను.

అప్పుడు వదిన మంచం మీద నుంచి నెమ్మదిగా అంది. "మరిదిగారూ, మీరు పుస్తకం చూస్తున్నారు గానీ నేను చప్పుడు వింటున్నాను. మీరు తాళం వేసిన చప్పుడు వినబడేదాకా బాగానే ఉన్నాదని పిల్ల అంటూనే ఉంది. మూత బిగించిన డబ్బాలోంచి పోపు వాసన బయటికి వస్తాదేటి?"

పుస్తకంలో ఆ పేజీ నేను శనివారమే చదివాను. గుర్తుగా రైలు టికెట్టు కూడా పెట్టాను. ఆ అలలు చెక్కలోంచి పోతాయి, ఇటుక గోడలోంచి కొంత తగ్గి పోతాయి, లోహంలోంచి పోవు. కళ్ళు చదివాయి. చేతులు మాత్రం ముప్ఫై ఏళ్ళ పద్ధతి ప్రకారం పెట్టె చేయించాయి. స్టీలు ఊళ్ళో బతికినవాడికి స్టీలు కూడా అడ్డం వస్తుందని తోచలేదు.

తాళంచెవి ప్లాంటులో ఉంది. సెక్షన్‌కు ఫోను చేస్తే, అన్నయ్య ఫర్నేస్ వైపు ఏదో ఫోను పాడైందని అప్పుడే వెళ్ళాడన్నారు. పెట్టెను కొక్కెం నుంచి దించితే తీగలు వస్తాయి గానీ లోపలిది బయటికి రాదు. రెండు నలభై ఏడు. సంచీలోంచి హ్యాక్సా తీశాను. తాళం కొండీకి భయ్యా వేసిన వెల్డింగు మీద నాకు నమ్మకం ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు, తలుపు బందుల మీద పడ్డాను. మొదటి బందు కోసేసరికి బ్లేడు విరిగింది. ఇంకో బ్లేడు బిగించి రెండోది కోశాను. చెమట కళ్ళలోకి దిగుతోంది. తలుపు వంచి వైర్‌లెస్‌ను బయటికి లాగేసరికి రెండు యాభై ఆరు.

"దీన్ని ఎక్కడ పెట్టను?" అన్నాను, రెండు చేతులతో పట్టుకుని. నేల మీద ఆ ఇంట్లో ఏదీ పెట్టదలచుకోలేదు.

"ఉల్లిపాయల బుట్ట తగిలించీయండి," అంది వదిన.

అమ్మాయి వంటింట్లోకి పరుగెత్తి వెదురు బుట్టలోని ఉల్లిపాయలు గుమ్మరించి తెచ్చింది. బుట్టను కొక్కేనికి వేసి, అందులో వైర్‌లెస్‌ను పెట్టి, తీగలు కలిపాను. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. అమ్మాయి వెనక గదిలోకి పోయింది. నేను వెళ్ళలేదు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి మొదట ఒక్కొక్క అక్షరం, తర్వాత వాన పడ్డట్టు టైపు చప్పుడు వినబడింది.

వెనక గది గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూశాను. అమ్మాయి తల ఎత్తలేదు. ఒక చెయ్యి కీబోర్డు మీద ఉంది, రెండోది వదిన దుప్పటి సర్దుతోంది. వదిన నా వైపు తిరిగి, పిల్లకు అడ్డం కాకుండా చిన్న గొంతుతో అంది. "మొత్తానికి సోమవారం వచ్చీసారు మరిదిగారూ."

ఆమె అంతకంటే ఒక్క మాట అనలేదు. అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. నేను ముందు గదికి వచ్చి, ఒకప్పుడు తీగ ఉన్న గడప మీద ఏడింటి దాకా కూర్చున్నాను. నాలుగు గంటల్లో సిగ్నల్ ఒక్కసారి కూడా తెగలేదు.

మంగళవారం పొద్దున్న పుస్తకం అల్మారాలో ఉంది. ఆ సీటు అమ్మాయికే మిగిలింది. వదిన నాలుగు నెలలకు కర్ర పట్టుకుని, తర్వాత కర్ర లేకుండా నడిచింది. అన్నయ్య కంప్యూటర్‌కు కూడా ఒక కార్డు వేశాను. ఆ ఏడాది సెక్టర్లలో చాలా ఇళ్ళకు వైర్‌లెస్ పెట్టాను, చివరికి గెస్ట్ హౌస్‌కు పెట్టడానికి ఇంజనీర్లే నన్ను పిలిపించారు. ఎక్కడా పని సగంలో వదిలి సోమవారం వస్తాననలేదు. తలుపు లేని ఆ స్టీలు పెట్టెను భయ్యా పట్టుకుపోయి మా సెక్షన్‌లోనే తగిలించాడు. అందులో టీ పొడి, చక్కెర పెట్టుకునేవాళ్ళం. కథ పుట్టింది అక్కడే. ఉల్లిపాయల బుట్ట మాత్రం వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసేదాకా ఆ కొక్కేనికే ఉంది.

నేను మీకు చెప్పదలచుకున్నది పెట్టె గురించి కాదు. పెట్టె తెలియక చేసిన తప్పులాంటిది, దానికి నవ్వితే చాలు. జానెడు పట్టీ తెలిసి చేసిన తప్పు. నవ్వులో అది మరుగున పడితే బాగుండునని చాలా ఏళ్ళు నేనే కోరుకున్నాను. ఇప్పుడు కోరుకోవడం లేదు.

ఇంతవరకూ ఎవరి పేరూ రాయలేదు. వాళ్ళకు పేర్లు అచ్చులో చూసుకోవడం ఇష్టం ఉండదు. కానీ పేరు చెప్పకుండా కృతజ్ఞత చెప్పడం నాకు రాదు. నిబంధన పక్కన పెట్టి పుస్తకం ఇచ్చిన ఫూల్‌బాయి దీదీకి, నా మాట మీద ఆదివారం కూడా వెల్డింగు చేసి, దాన్ని నేనే కోసేస్తే కోపగించుకోని బిసాహు భయ్యాకు, చివరి నాలుగు నిమిషాల్లో కూడా నన్ను తొందరపెట్టని మా సునీతకు, చప్పుడు విని దారి చూపించిన మార్తమ్మ వదినకు నా నమస్కారాలు. ప్రకాశరావు అన్నయ్యకు నమస్కారంతో పాటు ఒక మాట కూడా బాకీ ఉన్నాను. అన్నయ్యా, ఆ పట్టీ ఎండకి ఊడిపోలేదు. అక్కడ నేను వెయ్యనే లేదు.